చిరునామా వైపు రాసిన మాటలు

జూన్ 4 (కార్డు)

పొద్దుటి నుంచి అయిన పనులు: దుప్పట్లు ఆరు ఉతికి ఆరేశాను. దీపాల చిమ్నీలు నాలుగు తుడిచాను, అందులో ఒకటి పగిలింది. పిండి జల్లించి డబ్బాకి ఎత్తాను. మీ బావ ఆఫీసు చొక్కాకి మోచేతి దగ్గర అతుకు వేశాను. బొగ్గు అర బస్తా మిగిలి ఉంది. ఇక నీకు కార్డు.

తమ్ముడూ, నీ ఉత్తరం మొన్న పదకొండూ పదికి ముట్టింది. ఏడింటికి నువ్వు అక్కడ రాస్తే నాలుగు గంటల్లో నా గుమ్మంలో ఉంది. తెచ్చినవాడు నీలం టోపీ, ఏడో నంబరు. మంచినీళ్లు ఇస్తే నిలబడే తాగి, "ఇంకా పద్దెనిమిది ఉత్తరాలు పంచాలమ్మా" అంటూ వెళ్లిపోయాడు. చిన్నప్పుడు ఇంట్లో ఒకరి మాట ఇంకొకరికి మోసి తన్నులు తినేవాడివి. ఇప్పుడు అదే పనికి డబ్బులు పుచ్చుకుంటున్నావు. మురిసిపోయాను.

ఇటువైపు చోటు అయిపోయింది. కొత్త కార్డు దండగ, మిగతాది చిరునామా వైపు సర్దుతున్నాను. స్టాంపు ఖరీదులో సగానికే మోస్తున్నానన్నావు. మూడు ఊళ్లు, పదకొండు మంది మనుషులు. గిట్టుబాటు అవుతోందా? మీ ఆఫీసు గడియారాల కొట్టు మేడ మీద అన్నావు, వానకి కారుతుందేమో ముందే చూసుకో.

అక్క

---

జూన్ 10 (ఎనిమిదో నంబరు చేత)

అక్కా,

పది రోజులు కావస్తోంది, నీ దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకుని ఏడో నంబరుని అడిగాను. "అమ్మగారు నిక్షేపంలా ఉన్నారండీ, చెంబెడు నీళ్లిచ్చారు" అన్నాడు. అంటే ఇది జబ్బు కాదు, కోపం. నీకు నా మీద కోపం వచ్చే పని నేనేమీ చేయలేదు. కాబట్టి బావ రాయొద్దని ఉంటారు. పోస్టాఫీసులో ఇరవై ఆరేళ్లుగా ఉత్తరాలు వేరుచేసే ఆయనకి నా వ్యాపారం గిట్టకపోవడం సహజమే.

కానీ ఒక్కసారి వచ్చి చూడమను. పొద్దున బండికి మా వాళ్లు నలుగురు బయలుదేరతారు. గుడ్డల వ్యాపారి ఏడింటికి ధర అడిగితే, అవతలి ఊరి వ్యాపారి జవాబు చీకటి పడేలోపు ఈయన చేతిలో ఉంటుంది. పోస్టులో వేస్తే మూడు రోజులు. మా ఊరి పోస్టాఫీసు సంగతి నీకు తెలియదు. కలం ఒక్కటే, దాన్ని దారంతో బల్లకి కట్టేస్తారు. జిగురు డబ్బాలో ఈగ ఉంది. నేను చూసినప్పటి నుంచీ అదే ఈగ.

వీళ్లకి తోడు ఒక చట్టం. ఉత్తరం మోసి పంచే హక్కు సర్కారుకి తప్ప ఇంకెవరికీ లేదట. ఉత్తరాలేమన్నా వాళ్ల అత్తవారిచ్చిన సొత్తా? రాసేవాడి కాగితం, రాసేవాడి కవరు, నా మనిషి కాళ్లు. మధ్యలో సర్కారు ఎవరు? అయినా ఆ చట్టం అల్మారాలో పడుకుని ఉంది. ఎవరూ లేపకపోతే లేవదు.

జవాబు మా వాడి చేతికే ఇచ్చి పంపు. నీ దగ్గర పైసా పుచ్చుకోడు.

నీ తమ్ముడు

---

జూన్ 12 (కవరు, పోస్టులో)

పనులు: పరుపు విప్పి దూది ఎండబెట్టాను. పగిలిన చిమ్నీ మార్చాను. నూనె డబ్బా అడుగు తోమాను. మీ బావ చెప్పులకి మేకులు కొట్టించాను.

తమ్ముడూ, నీకు నాలుగో తారీఖున కార్డు రాశాను. పుస్తకంలో రాసి ఉంది, రాసి ఉంటే వేసినట్టే. అందలేదంటే ఇంకా దారిలో ఉందన్నమాట. వస్తుంది.

మీ బావ నన్నేమీ అనలేదు. ఆయనకి నిన్నటి దాకా నీ వ్యాపారం సంగతే తెలియదు. ఇంటికి ఏ ఉత్తరం వచ్చినా పైన చిరునామా చదివి, "నీకే" అని నా చేతికి ఇచ్చేస్తారు. లోపల ఎవరు పుట్టారో ఎవరు పోయారో నేను చెబితేనే వింటారు. పెళ్లైన కొత్తలో అడిగాను, చదివితే మీ సొమ్మేం పోతుందని. "రోజుకి రెండు వేల ఉత్తరాలు నా చేతి కింద పోతాయి. ఒకటి చదివే అలవాటు ఇంట్లో మొదలైతే అది ఆఫీసు దాకా వస్తుంది" అన్నారు.

నిన్న అన్నం పెడుతూ నేనే చెప్పాను.

"ఏం మోస్తున్నాడు?" అన్నారు.

"ఉత్తరాలు."

"సామాను మూటలతో పాటు వెళ్లే చీటీలా?"

"కాదు. అచ్చంగా ఉత్తరాలే. కవర్లు."

గ్లాసు కింద పెట్టేశారు. "మానేయమను" అన్నారు.

నేను నీ తరఫునే వాదించాను. నాలుగు గంటల్లో తెస్తున్నాడు, సగం ధరకి తెస్తున్నాడు, ఎవరికి నష్టం అన్నాను. ఆయన కొండ మీద వాన కొలిచే కేంద్రం సంగతి చెప్పారు. నీకు తెలిసే ఉంటుంది, మీ ఊరి అవతల రేవు దాటి, అడవి దాటి ఎక్కాలి. అక్కడ నాలుగు ఇళ్లు. వారానికి రెండుసార్లు పోస్టు సంచి మోసే మనిషి ఆరు గంటలు నడిచి ఎక్కుతాడు. ఒక్కోసారి సంచిలో ఒక్కటే ఉత్తరం. ఆ ఒక్కదాని మీదా మా వీధి చివరికి వెళ్లే ఉత్తరానికి అంటించే స్టాంపే ఉంటుంది. "ఆ మనిషి జీతం ఆ స్టాంపులో రాదు. బజారు ఉత్తరాల మీద మిగిలినదాంట్లో వస్తుంది. మీగడంతా మీ తమ్ముడు తీసుకుపోతే కొండకి ఏం మిగులుతుంది?" అన్నారు.

నేను పాతికేళ్లుగా స్టాంపులు కొంటున్నాను. ఎంత దూరం పోవాలని కొట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. బొగ్గు బండివాడు రెండు వీధులు దాటితే ఇంకో ధర చెబుతాడు. దూరం అడగకుండా అమ్మే వస్తువు నా సంసారంలో ఇదొక్కటేనని నిన్ననే తట్టింది.

మూటలు మోసుకో, బుట్టలు మోసుకో. ఉత్తరాలు వదిలెయ్ నాన్నా.

అక్క

---

జూన్ 18 (మూడో నంబరు చేత)

అక్కా,

నిన్న నోటీసు వచ్చింది. పద్నాలుగో తారీఖు వేసి ఉంది. సర్కారు హక్కుకి భంగం కలిగించానట. జూలై రెండున జిల్లా తపాలా అధికారి ముందు హాజరై సంజాయిషీ చెప్పుకోవాలట. చెప్పుకోలేకపోతే మోసిన ఒక్కో ఉత్తరానికీ లెక్కకట్టి వసూలు చేస్తారు, ఆఫీసుకి తాళం వేస్తారు. నా పదకొండు మందికీ ఇంకో పని లేదు. సైకిళ్లకి తెచ్చిన అప్పు ఇంకా సగం తీరలేదు.

నోటీసులో ఏముందో తెలుసా? "మూడు ఊళ్లలో, పదకొండు మంది మనుషులతో, స్టాంపు విలువలో సగానికి" అని ఉంది. అక్షరం పొల్లుపోకుండా. ఈ మూడు ముక్కలూ కలిపి నేను ఒక్కరికే రాశాను. నీకు. నువ్వు ఒక్కరికే చెప్పావు. అది నువ్వే రాశావు, అన్నం పెడుతూ చెప్పానని.

బావ ఉత్తరాలు చదవరు, సరే. వినడం మాత్రం బాగా వింటారు.

వాళ్ల వాదన కొండ గురించే కదా. నిన్న సాయంత్రమే మెట్ల దగ్గర కొత్త బోర్డు పెట్టించాను: "ఎక్కడికైనా, అదే ధరకి." ఈ పూట బోణీ కూడా అయింది. ఎదురు సందులో దర్జీ ఒకాయన ఉన్నాడు. ఆయన కూతురు బావ చెప్పిన ఆ వాన కొలిచే కేంద్రంలోనే ఉంది, అల్లుడిది అక్కడే ఉద్యోగం. ఆమెకి తొమ్మిదో నెల. నెలాఖరుకి రేవు దగ్గర పడవ ఆపేస్తారు, వానలు తగ్గేదాకా మళ్లీ తిప్పరు. ఆలోపు దిగి రమ్మని ఉత్తరం. "తప్పకుండా చేరుతుందా బాబూ?" అన్నాడు. "మీ సర్కారు మనిషి కంటే ముందు చేరుస్తాను" అన్నాను. ఏడో నంబరు రేపు బయలుదేరతాడు.

బావకి ఈ సంగతి కూడా చెప్పు. రాసి పెట్టుకుంటారు.

నీ తమ్ముడు

---

జూన్ 21 (కవరు, పోస్టులో)

ఇవాళ పనులు రాయను. అయ్యాయి, అంతే.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ బావ అడిగారు, "తమ్ముడు బాగున్నాడా?" అని. బాగున్నాడన్నాను. నువ్వన్న మాట ఆయనకి చెప్పలేదు.

నీకు నోటీసు వచ్చిన సంగతి మాకు నీ ఉత్తరం రాకముందే తెలిసింది. పదిహేడున మీ బావని పైఅధికారి పిలిపించాడు. బావమరిది ఇటువంటి వ్యాపారం చేస్తుంటే నీకు తెలియదా, తెలిసి ఎందుకు చెప్పలేదు అని. నేను ఆయనకి చెప్పింది పదకొండో తారీఖున. "ఆరు రోజులుగా తెలుసు. ఇంటి మనిషి, మానేస్తాడని ఎదురుచూశాను. చెప్పకపోవడం నా తప్పే" అని రాసి సంతకం పెట్టి వచ్చారు. ఈ ఏడు రావలసిన పెద్ద గుమాస్తా పదవి ఇక రాదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, నన్ను ఒక్క మాట అనకుండా నూలు కండె చుట్టడానికి చేతులు చాపి కూర్చున్నారు.

ఒకసారి ఆయన పనిచేసే చోటికి వెళ్లాను. గోడ పొడవునా గూళ్లు, నాలుగు వందల పన్నెండు. మీద పేర్లు లేవు. ఏ గూడు ఏ ఊరిదో ఆయన చేతికి తెలుసు. నాతో మాట్లాడుతూనే కవర్లు వేస్తున్నారు. ఒకే పేరున్న ఊళ్లు మూడు ఉంటే, రాసినవాళ్లు జిల్లా వేయకపోయినా, పంపిన ఊరు చూసి ఏదో పోల్చుకుంటారు. ఆ మనిషి తన ఇంటి మాట బయటికి మోశాడని నువ్వు రాశావు.

ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆయన మాత్రం కాదు.

అక్క

---

జూన్ 27 (ఐదో నంబరు చేత)

అక్కా,

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. నీ కార్డు వచ్చింది. జూన్ నాలుగున నువ్వు వేసిన కార్డు ఇవాళ జూన్ ఇరవై ఏడున వచ్చింది. నాలుగు గంటల దారికి ఇరవై మూడు రోజులు. పోస్టుమాన్ దాన్ని పెళ్లి శుభలేఖ అందించినట్టు రెండు చేతులతో అందించాడు.

దాని మీద ముద్రలు చూస్తే నీకు కళ్లు తిరుగుతాయి. చిరునామా ఉండవలసిన చోట నీ అక్షరాలే ఉన్నాయి, చీమల బారులా. వాటి కింద నా పేరు ఎక్కడుందో నాకే కనపడలేదు. ముందు ఎర్ర సిరాతో "చిరునామా తెలియదు" అని, తారీఖు ఆరు. తరవాత "చేరని ఉత్తరాల విభాగం", తారీఖు పదకొండు. ఆ తరవాత మూడు పేటల పోస్టుమాన్ల సంతకాలు, "ఇక్కడ కాదు", "ఇక్కడ కాదు" అంటూ. చివర చిన్న అక్షరాలతో ఒక గుమాస్తా, "లోపలి విషయాన్ని బట్టి వెతికి, గడియారాల కొట్టు మేడ మీద అందజేయడమైనది" అని రాశాడు. ఒక్క కార్డుకి ఇంత మంది. ఇలా చేస్తే వాళ్లకేం మిగులుతుంది? రెండో తారీఖున దీన్నే అధికారి బల్ల మీద పెడతాను, మీ గొప్ప ఇదీ అని.

కొండకని వెళ్లిన ఏడో నంబరు తిరిగొచ్చాడు. ఆ సంగతి ఇప్పుడు రాయలేను.

బావ పదవి సంగతి నాకు తెలియదు. బాధగా ఉంది. కానీ ఆ మూడు ముక్కలు వాళ్లకి ఎలా చేరాయో ఎవరైనా చెబితే గానీ నా మనసు ఒప్పుకోదు.

నీ తమ్ముడు

---

జూన్ 29 (కవరు, పోస్టులో)

తమ్ముడూ,

నేను చెబుతాను. కార్డు ముందు పెట్టుకుని నాతో పాటు తారీఖులు చూడు.

ఆరో తారీఖున చిరునామా తెలియలేదు. పదకొండున చేరని ఉత్తరాల విభాగానికి వెళ్లింది. నోటీసు మీద పద్నాలుగు అని నువ్వే రాశావు. సర్కారు కొలువులో ఇంకొకరి ఉత్తరం చదవడానికి అనుమతి ఉన్నది ఆ విభాగంలో వాళ్లకే, అదీ ఎవరిదో పోల్చి చేర్చడానికి. వాళ్లు నా కార్డు చదివారు. అందులో ఏముంది? సగం ధర. మూడు ఊళ్లు. పదకొండు మంది. గడియారాల కొట్టు మేడ. నీలం టోపీ నంబరుతో సహా రాశాను. సంగతి పైవాళ్లకి చేరి నోటీసు ముందు వచ్చింది, కార్డు పేటలు తిరిగి వెనక వచ్చింది.

నీ సంగతి బయటపెట్టింది నేను. ఒక్క కార్డు ఖరీదు మిగుల్చుకుందామని చిరునామా మీద రాశాను. పాతికేళ్లుగా అలాగే సర్దుతున్నాను, ఎప్పుడూ చేరుతూనే ఉన్నాయి. ఎవరో కళ్లు చికిలించుకుని చదివి చేరుస్తున్నారని ఒక్కసారీ అనుకోలేదు. నా పొదుపు నీ పదకొండు మంది నోటి కూడు మీదికి వచ్చింది, మీ బావ పదవి దాకా వచ్చింది.

ఆయనకి అంతా చెప్పాను, నీ అనుమానంతో సహా. నీ ఉత్తరంలోంచి ముద్రల సంగతి చదివి వినిపించాను. తిడతారనుకున్నాను.

"చివరికి చేర్చారుగా?" అన్నారు.

"చేర్చారు. ఇరవై మూడు రోజులకి."

"పేరు లేకుండా. చిరునామా లేకుండా." మళ్లీ ఆయనే, "ఆ గుమాస్తా ఎవరో గానీ మంచి పనిమంతుడు" అన్నారు. ఈ మనిషితో ఎలా వేగుతున్నానో నువ్వే చెప్పు.

తప్పు రాసింది నేను, ఆయన కాదు. నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు. ఆయన్ని మాత్రం అనకు.

అక్క

---

జూలై 3 (కవరు, పోస్టులో)

అక్కా,

చూశావుగా, స్టాంపు అంటించాను. చాలా ఏళ్ల తరవాత అంటించడం ఇది రెండోసారి. మొదటిసారి సంగతి రాస్తాను.

ఏడో నంబరు పంతొమ్మిదిన బయలుదేరాడు. రేవు దాటాడు గానీ అడవిలో దారి తప్పాడు. రెండు రోజులు అదే వాగు చుట్టూ తిరిగి, ఇరవై రెండున జ్వరంతో వచ్చాడు. ఉత్తరం చొక్కాలో భద్రంగా ఉంది. ఇంకొకణ్ణి పంపుదామంటే ఎవరూ ఒప్పుకోలేదు. "ఆ దారి తెలిసినవాడు ఒక్కడేనండీ, సర్కారు సంచి మనిషి" అన్నాడు ఏడో నంబరు, దుప్పట్లోంచి. మెట్ల కింద దర్జీ రోజూ నిలబడి, "కబురేమన్నా వచ్చిందా బాబూ?" అంటున్నాడు. నెలాఖరుకి ఎనిమిది రోజులు.

నేనే వెళ్లాను, పోస్టాఫీసుకి. దారంతో కట్టిన ఆ కలంతోనే చిరునామా మళ్లీ రాశాను. స్టాంపు కొని ఎర్ర డబ్బాలో వేశాను. బల్ల వెనక మనిషి మొహం చూడలేకపోయాను. అప్పటి నుంచి ఎంత ఏడ్చుకున్నా నా చేతిలో ఏమీ లేదు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు నడుస్తుంటాడని నమ్మడమే. నా జీవితంలో ఒకరిని అంతలా నమ్మలేదు.

ముప్పైన ఆఖరి పడవకి ఆమె దిగింది. సంచి మనిషి ఉత్తరం ఇవ్వడమే కాదు, తిరుగుదారిలో ఆమె పెట్టె కూడా మోసుకొచ్చాడట. దర్జీ నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నీ వల్లే బాబూ" అన్నాడు. నా వల్ల కాదని చెప్పాను. అతని సగం ధర అతనికి ఇచ్చేశాను.

నిన్న అధికారి ముందు నిలబడ్డాను. నీ వయసు ఉన్న ఆవిడ. నీ కార్డు తీసుకెళ్లాను, ఇరవై మూడు రోజులు అని ఎగతాళి చేద్దామని. నీ ఉత్తరం చదివాక ఇక అది జేబులోంచి తీయలేదు. ఆవిడే అడిగింది. "మీ బోర్డు మీద ఎక్కడికైనా అని ఉందట. కొండ మీదికి ఎన్ని మోశారు?"

"ఒకటండీ."

"ఎలా మోశారు?"

"స్టాంపు అంటించి మీ డబ్బాలో వేశాను."

పక్కన గుమాస్తా నవ్వు ఆపుకోలేక ముక్కు చీదాడు. ఆవిడ నవ్వలేదు. మోసినవి ఎన్ని అని అడిగింది. చిట్టా తీసి ఇచ్చాను. ప్రతిదీ రాయడం నువ్వు నేర్పిన అలవాటే కదా, పదకొండు వందల నలభై. ఒక్కోదానికీ ఒక స్టాంపు ఖరీదు చొప్పున, ఏడాదిలో కట్టమంది. తాళం వేయలేదు. మూటలు మోసుకోవచ్చు. ఉత్తరాలు మాత్రం ముట్టుకోకూడదు.

నేనూ ఒక మాట అన్నాను. "చట్టానికి తల వంచుతాను. కానీ పోటీ లేదు గదా అని మీవాళ్లు నిద్రపోతున్నారండీ. మూడు రోజులు పట్టే ఊరికి నా మనిషి నాలుగు గంటల్లో వెళ్లాడు. అది అబద్ధం కాదు." ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది. తరవాత, స్టేషన్ నుంచి పోస్టాఫీసుకి సంచులు చేర్చే పని ఈ నెల గుత్తకి ఇస్తున్నామని, సైకిళ్లూ మనుషులూ ఉన్నవాళ్లు ఎవరైనా అడగవచ్చని చెప్పింది. నా మొహం చూడకుండా చెప్పింది.

అక్కా, కార్డు నువ్వే రాశావని తెలిశాక నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. బయట ఎవరు చెప్పారని వెతికాను గానీ, చెప్పుకోలేని పని చేస్తున్నదెవరని వెతకలేదు. బావకి విడిగా ఒక కాగితం రాసి ఇందులోనే పెట్టాను. ఆయన చదవరని తెలుసు. కానీ దాని మీద ఆయన పేరే ఉంది.

నీ తమ్ముడు

---

జూలై 6 (కవరు, పోస్టులో)

పనులు: దుప్పట్లు ఉతికాను. బొగ్గు కొత్త బస్తా తెప్పించాను. కొత్త కార్డులు అర డజను కొన్నాను. రెండో వైపు చిరునామా తప్ప ఇంకేమీ రాయను.

తమ్ముడూ, నీ ఉత్తరం నిన్న సాయంత్రం ముట్టింది. రెండు రోజులు పట్టింది. నువ్వు తిట్టుకున్న మూడు రోజులు కాదని మీ బావ చెప్పమన్నారు. సంచుల గుత్త తప్పకుండా అడుగు. ఏడో నంబరుకి జ్వరం తగ్గిందో లేదో రాయలేదు, రాయి.

ఉత్తరం తెచ్చిన పోస్టుమాన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "బరువు ఎక్కువమ్మా. తక్కువైనదానికి రెండింతలు కట్టాలి" అన్నాడు, నేల చూస్తూ. కవరు మీద నీలం పెన్సిల్‌తో ఆ లెక్క వేసి ఉంది. ఆ అంకెలు నేను ఎరగనివా? మీ బావవి. గూట్లో వేసేముందు తన ఇంటి ఉత్తరాన్నే పట్టుకుని, తన ఇంటి నుంచే వసూలు చేయమని రాసి పంపారు. చిల్లర వెతికి ఇచ్చాను. పుస్తకంలో నీ పేరున రాశాను.

ఆయన రాగానే అడిగాను, "మన తమ్ముడిదని తెలియలేదా?" అని.

"తెలిసింది. అందుకే రెండుసార్లు చూశాను" అన్నారు.

నీ కాగితం చేతికిచ్చాను. అలవాటుగా పైన పేరు చదివి, "నాకే" అన్నారు. తరవాత కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడి చదివారు. ఇన్నేళ్లలో ఈ ఇంట్లో ఆయన ఉత్తరం చదవగా నేను చూడలేదు. ఎంతసేపు చదివారో చెప్పను. ఏమి రాశావో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. నాకూ ఒక మర్యాద ఉంది.

ఆ తరవాత వచ్చి నీ కవరూ కాగితాలూ అన్నీ అరచేతిలో పెట్టుకున్నారు. నీ కాగితం ఒక్కటి తీసి మళ్లీ పెట్టుకున్నారు. ఆ చేతికి త్రాసు అక్కర్లేదు.

"ఎక్కువైంది ఇది ఒక్కటే. ఇది నాది" అన్నారు. జేబులోంచి చిల్లర తీసి, లెక్కపెట్టి, నా పుస్తకం మీద పెట్టారు.

నీ పేరున రాసింది కొట్టేశాను. చెల్లు.

అక్క